మా ఆయన ఉద్యోగం మానేసి సినిమా తీస్తానంటున్నాడు

ప్రశ్న: అక్కా, మేం న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటాం. ఇద్దరం ఉద్యోగస్తులమే. పాపకి ఆరేళ్లు. నిరుడు గ్రీన్ కార్డు వచ్చింది. వచ్చి నెల తిరక్కుండానే మా ఆయన "ఇక ఉద్యోగం మానేస్తా, ఇండిపెండెంట్ సినిమా తీస్తా" అని మొదలుపెట్టాడు. ఆయనకి ముప్పై ఆరేళ్లు. పెళ్లికి ముందు రెండు షార్ట్ ఫిల్ములు తీశాడు, బాగానే ఉంటాయి. ఇంటి డౌన్‌పేమెంట్ కోసం దాచిన 85 వేల డాలర్లలో 70 వేలు కావాలట. "రోడ్రిగెజ్ 7 వేలతో తీశాడు, జాన్ సేల్స్ 60 వేలతో తీశాడు, మన దగ్గర అంతకన్నా ఎక్కువే ఉందిగా" అంటాడు. రెండు పడవల మీద కాళ్లు పెడితే మునుగుతామట, అందుకే ఉద్యోగం మానాలట. బ్యానర్‌కి పేరూ లోగో కూడా రెడీ. సినిమాలో పాత తెలుగు పాటలు నాలుగైదు వాడతాడట. కథేంటో మాత్రం నాకింకా చెప్పలేదు. వద్దంటే జీవితాంతం నన్ను అంటాడేమోనని భయం. సరే అంటే ఇల్లు పోతుందని టెన్షన్. అసలు ఆ సేల్స్ అనే ఆయన ఎలా బతికాడు? అలా బతకడం మాలాంటివాళ్లకి కుదిరే పనేనా?
— ఒక పాఠకురాలు, ఎడిసన్

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మొదటిసారి "లోగో కూడా రెడీ" దగ్గర నవ్వొచ్చింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! రెండోసారి మాత్రం "వద్దంటే జీవితాంతం నన్ను అంటాడేమో" దగ్గర ఆగిపోయాను. పాతికేళ్లు సినిమాలకి మాటలు రాస్తూ, రాసినవాటి డబ్బుల కోసం తిరుగుతూ గడిపినదాన్ని. ఆ భయాన్ని రెండు వైపుల నుంచీ చూశాను.

ఒక విషయంలో మీ ఆయన్ని మెచ్చుకోవాలి. పెద్ద స్టూడియోల మీద ఆధారపడకుండా సినిమాలు తీసే అమెరికన్ దర్శకుడు జాన్ సేల్స్ పేరు ఎత్తాడు. సినిమా పిచ్చి ఉన్న కుర్రాళ్లు ఎవరెవరి పేర్లో చెప్తారు గానీ ఈ పేరు అంతగా చెప్పరు. అంటే ఏదో చదివాడనే. కాకపోతే మొదటి సినిమా దాకా చదివి పుస్తకం మూసేసినట్టున్నాడు. ఆ ముందుదీ తర్వాతదీ నేను చెప్తాను, మీరు ఆయనకి వినిపించండి.

ముందు ఆ 7 వేల సంగతి తేల్చేద్దాం, అది చిన్నదే. రాబర్ట్ రోడ్రిగెజ్ "ఎల్ మరియాచి"ని 7 వేల డాలర్లతో తీశాడన్నది నిజం. అందులో కొంత సొమ్ము టెక్సాస్‌లో మందుల ప్రయోగాలకి తన ఒంటిని అప్పగించి సంపాదించింది. ఆ ప్రయోగశాలలో పడుకునే స్క్రిప్టు రాసుకున్నాడు. అప్పటికి ఇరవై మూడేళ్లు, డౌన్‌పేమెంట్ గొడవ లేదు. అయితే ఆ 7 వేలు కెమెరా నడిచి, వీడియో మీద ఎడిటింగ్ అయ్యేవరకు మాత్రమే. కొలంబియా సంస్థ కొన్నాక, థియేటర్‌లో ఆడే ప్రింటు తీయడానికీ, సౌండు సరిచేయడానికీ దానికి ఎన్నో రెట్లు ఖర్చు పెట్టింది. మనవాళ్లు ముందు అంకె గుర్తుపెట్టుకుని వెనక అంకె మర్చిపోతారు.

ఇక సేల్స్. 1950లో న్యూయార్క్ రాష్ట్రంలో స్కెనెక్టడీ అనే ఫ్యాక్టరీ ఊళ్లో పుట్టాడు. ఇంట్లో చదువు వాసన ఉంది, తల్లీ తండ్రీ ఇద్దరూ బడులకి సంబంధించినవాళ్లే. విలియమ్స్ కాలేజీలో చదివింది సైకాలజీ. సినిమా స్కూలు గడప తొక్కలేదు. డిగ్రీ అయ్యాక వృద్ధాశ్రమంలో సహాయకుడిగా, మాంసం ప్యాక్ చేసే చోట కూలీగా, ఏది దొరికితే అది చేశాడు. రాత్రులు కథలు రాసి పత్రికలకి పంపేవాడు. తిరిగొచ్చేవి, మళ్లీ పంపేవాడు. కథల్లో ఒకటి పెద్దదైపోయి నవలగా మారింది, 1975లో అచ్చయింది. 1977లో వచ్చిన రెండో నవల "యూనియన్ డ్యూస్" నేషనల్ బుక్ అవార్డు తుది జాబితా దాకా వెళ్లింది. గమనించారా, సినిమా అనే మాట ఇంకా మొదలవలేదు. అప్పటికే చేతిలో ఒక పని ఉంది, ఆ పనికి మార్కెట్లో ఒక ధర ఉంది.

ఆ పనిని పట్టుకునే హాలీవుడ్ గేటు దాటాడు. నమూనా కోసం ఒక స్క్రిప్టు రాసుకుని వెళ్లాడు, 1919 నాటి బేస్‌బాల్ ఫిక్సింగ్ కుంభకోణం మీద. దాన్ని చూసి పనిచ్చారు, కాని ఇచ్చిన పని అది తీయడం కాదు. రోజర్ కోర్మన్ అని, తక్కువ డబ్బుతో చకచకా భయపెట్టే సినిమాలు తీయించే నిర్మాత ఉండేవాడు. ఆయన దగ్గర "పిరాన్యా" అనే సినిమా స్క్రిప్టు బాగుచేయమన్నారు. నదిలోకి మనుషుల్ని పీక్కుతినే చేపలు వదిలేస్తారు, అదీ కథ. జాతీయ పురస్కారం దాకా వెళ్లిన నవలాకారుడు కూర్చుని ఆలోచించాల్సింది ఏమిటంటే, నీళ్లలో చేపలున్నాయని తెలిశాక కూడా ఈ జనం ఒడ్డున కూర్చోకుండా మళ్లీ మళ్లీ నీళ్లలోకి ఎందుకు దిగుతారు? నేను కూడా ఇలాంటి మరమ్మత్తులు చేసినదాన్నే కాబట్టి చెప్తున్నా, ఇది నామోషీ పని కాదు. ఒక మనిషి ఒక పని ఎందుకు చేస్తాడో నమ్మించడమే కదా కథ రాయడమంటే. చేపల కథలో కుదిరించగలిగినవాడు గని కార్మికుల కథలోనూ కుదిరించగలడు. 1978 నుంచి 1981 లోపల ఆయన రాసిన "పిరాన్యా", "ఎలిగేటర్", "ది హౌలింగ్" ఇలాంటివి వరసగా వచ్చాయి. చేపలు, మొసలి, తోడేళ్లు, జంతు ప్రదర్శనశాల అంతా అయిపోయింది.

కోర్మన్‌కి రాసి సంపాదించిన డబ్బే ఆయన మొదటి సినిమా. దాని పేరు "రిటర్న్ ఆఫ్ ది సికాకస్ సెవెన్". మీరు ఎడిసన్‌లో ఉంటారు కాబట్టి న్యూయార్క్ వెళ్లే ప్రతిసారీ సికాకస్ జంక్షన్ మీదుగానే పోతుంటారు. ఆ సికాకసే. కాకపోతే సినిమాలో ఆ ఊరు కనిపించదు. కాలేజీ రోజుల్లో వాషింగ్టన్‌లో ప్రదర్శనకి వెళ్తూ దారిలో సికాకస్‌లో అరెస్టయిన ఏడుగురు స్నేహితులు, ముప్పయ్యో పడిలోకి వస్తూ ఒక వారాంతం న్యూ హాంప్‌షైర్‌లో కలుసుకుంటారు. కబుర్లు, వంట, పాత ప్రేమలు, కొత్త అలకలు. ఇంతే సినిమా.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే మీ ఆయన పట్టుకున్న 60 వేల అంకె వెనక ఉన్న తెలివంతా ఇక్కడే ఉంది. సేల్స్ కథ రాసి దానికి డబ్బు వెతకలేదు. డబ్బు లెక్కపెట్టుకుని, ఈ డబ్బులో ఏం తీయొచ్చో అది రాశాడు. గుడ్డ కొలిచి చొక్కా కత్తిరించినట్టు. యూనియన్‌లో ఉన్న నటులకి ఇచ్చుకోలేడు. యూనియన్‌లో ఇంకా చేరని మంచి నటులు తనకి తెలిసినవాళ్లందరూ ముప్పై అటూ ఇటూ ఉన్నవాళ్లే. అందుకని కథ ముప్పయ్యో పడి గురించి. అంతకుముందు వేసవి నాటకాలు ఆడిన ఊరు నార్త్ కాన్వే న్యూ హాంప్‌షైర్‌లోనే ఉంది. మంచు పడని కాలంలో స్కీయింగ్ వాళ్ల విడిది ఖాళీగా ఉంటుంది. అది అద్దెకు తీసుకుంటే యూనిట్ పడుకోవడానికీ అదే, షూటింగ్‌కీ అదే. కెమెరాని పట్టాల మీద తోయడానికి సామానూ లేదు, టైమూ లేదు. కదలని కెమెరాతో ఇద్దరే కూర్చుని మాట్లాడుతుంటే చూసేవాళ్లకి పది నిమిషాల్లో నిద్రొస్తుంది. అందుకని పాత్రల సంఖ్య పెంచాడు. ఈ జంట మాటల మధ్యలోంచి ఆ జంట మాటల్లోకి దూకొచ్చు, కెమెరా కదలకపోయినా సినిమా కదులుతుంది. మామూలుగా డబ్బు తక్కువైతే పాత్రలు తగ్గిస్తారు, ఈయన పెంచాడు! ఆ సినిమాలో ఊరి మెకానిక్‌గా వేసింది డేవిడ్ స్ట్రాథెర్న్, కాలేజీ స్నేహితుడు. తర్వాత ఆస్కార్ నామినేషన్ దాకా ఎదిగాడు. ఒక వేషం సేల్సే వేశాడు. ఎడిటింగూ ఆయనదే.

మొత్తం ఖర్చు సుమారు 60 వేల డాలర్లు. అవి 1970ల చివరి డాలర్లమ్మా. ఇప్పటి లెక్కకి రెండున్నర లక్షలు దాటుతుంది. మీ ఆయన "అంతకన్నా ఎక్కువే ఉందిగా" అంటే, లేదు, ఆయన అడిగే 70 వేలు అందులో మూడో వంతు కూడా కాదు. ఇంకో మాట. అది ఆయన ఇంటి డౌన్‌పేమెంట్ కాదు. కోర్మన్ స్క్రిప్టుల మీద సంపాదించింది, మొత్తం పోయినా మళ్లీ స్క్రిప్టులు రాసి సంపాదించుకోగల డబ్బు. 1980లో విడుదలైంది, అమెరికా ఇండిపెండెంట్ సినిమా ఊపందుకోవడానికి కారణమైనవాటిలో ఒకటని పేరొచ్చింది. 1997లో అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలోకి, అంటే కలకాలం భద్రపరచాల్సిన సినిమాల జాబితాలోకి, చేర్చారు.

పేరొచ్చింది కదా, ఇక స్క్రిప్టుల కూలి మానేశాడా? మానలేదు. మీ ఆయన రెండు పడవల సామెతకి జవాబు ఇదే. సేల్స్ దశాబ్దాల తరబడి రెండు పడవల మీదే ప్రయాణం చేశాడు. మునగలేదు, ఎందుకంటే ఆ రెంటినీ తాడుతో కట్టాడు. ఒకటి లాగుతుంటే ఇంకోటి నడిచేది. స్పీల్‌బర్గ్ కోసం "నైట్ స్కైస్" అనే స్క్రిప్టు రాశాడు. అది తెరకెక్కలేదు గానీ, ఆ ఆలోచనలోంచే తర్వాత "ఈ.టీ." పుట్టింది. "అపోలో 13" స్క్రిప్టు మీద కూడా పేరు పడకుండా పనిచేశాడు. రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాటలకి వీడియోలు తీశాడు. పెద్ద సినిమాల స్క్రిప్టులు బాగుచేసి, ఆ డబ్బు తెచ్చి తన సినిమాలో పోసేవాడు.

ఒక్కసారి పెద్ద స్టూడియో గొడుగు కింద తీసి చూశాడు, 1983లో "బేబీ ఇట్స్ యూ", పారమౌంట్‌కి. ఎడిటింగ్ దగ్గర పేచీ వచ్చింది. ఆ తర్వాత నుంచి చివరి కట్, అంటే ఎడిటింగ్‌లో ఆఖరి మాట, తన చేతిలో ఉండాల్సిందేనని కూర్చున్నాడు. అలా కూర్చోగలిగాడు, ఎందుకంటే ఇంటి అద్దె ఆ సినిమా మీద ఆధారపడి లేదు. స్వాతంత్ర్యం అంటే మీ ఆయన ఉద్యోగం మానేయడం అనుకుంటున్నాడు. సేల్స్‌కి స్వాతంత్ర్యం ఇచ్చింది ఆ రెండో సంపాదనే.

నాకు బాగా ఇష్టమైన ముచ్చట ఒకటుంది. 1920 నాటి పశ్చిమ వర్జీనియా బొగ్గు గని సమ్మె మీద "మేట్‌వాన్" అని తీయాలనుకున్నాడు. డబ్బు సమకూరినట్టే సమకూరి చెదిరిపోయింది. మనవాళ్లయితే అక్కడ ఆగి పదేళ్లు ఆ ఒక్క స్క్రిప్టే మోస్తూ తిరుగుతారు, మందు కొట్టిన ప్రతిసారీ అదే కథ చెప్తారు. సేల్స్‌కి 1983లో, ప్రతిభ ఉన్నవాళ్లకి అమెరికాలో ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది, చేతిలో కాస్త డబ్బు పడింది. గని సినిమాకి అది ఏ మూలకీ చాలదు. చాలినంతలో ఏదొస్తుందని, న్యూయార్క్ హార్లెమ్‌లో దిగిన గ్రహాంతరవాసి కథ రాసి తీసేశాడు, "ద బ్రదర్ ఫ్రమ్ అనదర్ ప్లానెట్". గ్రహాంతరవాసి అనగానే గ్రాఫిక్సుకి ఎంతవుతుందోనని భయం కదా. ఈయన గ్రహాంతరవాసి చూడ్డానికి మామూలు నల్లజాతి మనిషి. కాళ్లకి మూడేసి వేళ్లు. మాట రాదు. అంతే! మాట రాదు కాబట్టి హార్లెమ్‌లో కనిపించిన ప్రతివాడూ తన గోడు అతనికి చెప్పుకుంటాడు, అతను వింటాడు. పారిపోయి వచ్చిన బానిస అతను, వెంటపడే ఇద్దరు నల్లకోట్ల వాళ్లలో ఒకడు మళ్లీ సేల్సే. అలా ఇంకోటి తీసి, 1987లో "మేట్‌వాన్" కూడా తీశాడు. క్రిస్ కూపర్‌కి అదే మొదటి సినిమా, ఛాయాగ్రహణానికి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. మరుసటి ఏడాది "ఎయిట్ మెన్ ఔట్". అది ఏమిటనుకున్నారు? మొదట్లో నమూనాగా పట్టుకెళ్లిన బేస్‌బాల్ స్క్రిప్టు. రాసిన దాదాపు పదేళ్లకి తీశాడు. "ప్యాషన్ ఫిష్"కి, 1996 నాటి "లోన్ స్టార్"కి స్క్రిప్టు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, అవార్డు రాలేదు.

"లోన్ స్టార్" మీ ఇద్దరూ కలిసి చూడండి. టెక్సాస్ సరిహద్దు ఊళ్లో హోటల్ టేబుల్ చుట్టూ కూర్చుని ఒకతను పాత సంగతి చెప్తుంటాడు. కెమెరా మెల్లగా టేబుల్ మీదున్న రొట్టెల బుట్ట దగ్గరికి దిగి, మళ్లీ పైకి లేచేసరికి దాదాపు నలభై ఏళ్ల కిందటి మనుషులు కూర్చుని ఉంటారు. కట్ లేదు, ఫ్లాష్‌బ్యాక్ పొగ లేదు, నలుపు తెలుపు లేదు. ఆ ఒక్క షాట్ చూపించి మీ ఆయన్ని అడగండి, దీనికి ఎంత ఖర్చయి ఉంటుందని.

ఇక పాత పాటల సంగతి. ఇది వినగానే నాకు గుండె ఝల్లుమంది. చార్లెస్ బర్నెట్ అని ఇంకో అమెరికన్ ఇండిపెండెంట్ దర్శకుడున్నాడు. లాస్ ఏంజెలిస్‌లో వాట్స్ అనే పేటలో పెరిగాడు. యూసీఎల్ఏ యూనివర్సిటీలో చదువుకుంటూ, చుట్టుపక్కల వాళ్లనే పెట్టి, ఎక్కువగా వారాంతాల్లో "కిల్లర్ ఆఫ్ షీప్" తీశాడు. ఖర్చు 10 వేల డాలర్ల లోపే. 1977లో పూర్తయింది. అందులో అద్భుతమైన పాత పాటలు వాడుకున్నాడు, హక్కులు కొనకుండా. ఆ హక్కుల వల్లే థియేటర్లలోకి మామూలుగా విడుదలయ్యేసరికి 2007 వచ్చింది. ముప్పై ఏళ్లు! పాటల హక్కులకి అయిన ఖర్చు దాదాపు లక్షన్నర డాలర్లు, సినిమా ఖర్చుకి పదిహేను రెట్లు. ఈలోగా ఆ సినిమాని జాతీయ రిజిస్ట్రీలో కూడా పెట్టారు. గొప్ప సినిమా అని అందరికీ తెలుసు, టికెట్ కొని చూసే దారి మాత్రం లేదు. మన పాత తెలుగు పాటలకి కూడా హక్కుదారులు ఉన్నారు. "ఎవరడుగుతారులే" అనే మాట మీ ఆయన నోట వస్తే, ఆ రోజు కాఫీ ఇవ్వకండి.

నా అనుభవం ఒకటి చెప్తా, పేర్లు వద్దు. కొన్నేళ్ల కిందట తెలిసినాయన ఒకరు రెండెకరాలు అమ్మి చిన్న సినిమా మొదలుపెట్టారు. మాటలు నేనే రాశాను. మంచివాడు, యూనిట్‌కి రోజూ కడుపునిండా భోజనం పెట్టించాడు. ముప్పై రెండు రోజుల్లో షూటింగ్ అయిపోయింది, గుమ్మడికాయ కొట్టాం. డబ్బు కూడా ఆ రోజుకే అయిపోయింది. డబ్బింగు లేదు, రీరికార్డింగు లేదు. ఆయన లెక్క వేసుకుంది షూటింగ్‌కి, సినిమాకి కాదు. నాకు రావలసిన రెండో విడత ఇప్పటికీ రాలేదు, అడగబుద్ధీ కాలేదు. ఆ మధ్య వాళ్లింటికి వెళ్తే ఆయన భార్య బీరువా తెరిచి చూపించింది. పట్టుచీరల కింద, కలరా ఉండల మధ్య, పసుపు బొట్టు పెట్టిన హార్డ్ డిస్క్. "ఇదేనమ్మా మా రెండెకరాలు" అంది. నవ్వుతూనే అంది గానీ నాకు ఎటు చూడాలో తెలియలేదు.

అందుకని మీ డబ్బు గురించి నా మాట ఇది. డౌన్‌పేమెంట్ డబ్బు కదపకండి. ఉద్యోగం కూడా ఇప్పుడే మానొద్దనండి. మీ ముగ్గురి హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరి ఉద్యోగం మీద ఉందో చూసుకోండి, ఆ దేశంలో అది జీతం కన్నా పెద్ద సంగతి. దానికి బదులు ఈ నెల నుంచి ఆయన జీతంలో ఇంత అని వేరే ఖాతాలో వేయడం మొదలుపెట్టండి, సినిమా ఖాతా అని. ఇంకా మంచిది, ఆయన చేతిలో ఉన్న పనిని సినిమాకి దగ్గరగా జరపగలడేమో చూడమనండి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసినా, ఎవరికైనా స్క్రిప్టు రాసిపెట్టినా, సౌండు నేర్చుకున్నా, అదే ఆయన పిరాన్యా. ఆ ఖాతాలో ఎంత పడితే అంతలో కుదిరే కథ రాయమనండి. ఇరవై వేలు పడితే ఇరవై వేల కథ. అందులో సగం షూటింగ్ తర్వాతి పనులకి పక్కన పెట్టాలి. సగమా అని అరుస్తాడు. అరవనివ్వండి, మీరు బీరువా గుర్తు తెచ్చుకోండి.

ఇప్పుడు మీ సంగతి. మీరు ఉత్తరంలో రెండే దారులు రాశారు, వద్దనడం, సరే అనడం. మ్యాగీ రెంజీ గురించి ఎవరూ చెప్పరు, నేను చెప్తాను. సేల్స్‌కి కాలేజీ రోజుల నుంచి పరిచయం, దశాబ్దాలుగా జీవిత భాగస్వామి. పెళ్లనే తంతు పెట్టుకోలేదు. మొదటి సినిమాలో అతిథులందరికీ ఇల్లు సర్దిపెట్టే ఇల్లాలి వేషం ఆవిడదే. రెండో సినిమా "లియాన్నా" నుంచి నిర్మాత అయింది. చిన్న చిన్న పెట్టుబడిదారుల దగ్గర సుమారు 3 లక్షల డాలర్లు పోగుచేసి తీసిన సినిమా అది. తర్వాత చాలా సినిమాలకి ఆవిడే నిర్మాత. గమనించండి, ఆవిడ త్యాగం చేసిన ఇల్లాలు కాదు. తెర మీద పేరు పడే నిర్మాత. లెక్క అడిగే హక్కు, "ఇది మన వల్ల కాదు" అని చెప్పే హక్కు ఆవిడకి హోదాతో పాటు వచ్చాయి. మీరు కూడా "సరే, నేను నిర్మాతని" అని చెప్పి చూడండి. నిర్మాతకి స్క్రిప్టు చూపించాలి, బడ్జెట్ కాగితం మీద పెట్టాలి, పాటల హక్కుల లెక్క చెప్పాలి. భార్య అడిగితే అనుమానం, నిర్మాత అడిగితే పద్ధతి. మీకు ఆ పని ఇష్టం లేదా, అదీ చెప్పేయండి. ఇష్టం లేకుండా చెక్కు మీద సంతకం పెట్టడమే అన్నిటికన్నా చెడ్డది.

"అలా బతకడం కుదిరే పనేనా" అని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్తాను. ఆయన బతుకు చివరిదాకా పూలబాటేం కాదు. 2007లో "హనీడ్రిప్పర్"కి మళ్లీ సొంత డబ్బే పోశాడు. 2013లో "గో ఫర్ సిస్టర్స్" తర్వాత ఇన్నేళ్లలో ఆయన దర్శకత్వంలో ఇంకో సినిమా రాలేదు. అంత పేరున్న మనిషికి, రెండు ఆస్కార్ నామినేషన్లున్న మనిషికి. మరి ఇంట్లో కూర్చుని లోకాన్ని తిట్టాడా అంటే, నవలలు రాస్తున్నాడు. "ఎ మూమెంట్ ఇన్ ద సన్" అని 2011లో వచ్చింది, తొమ్మిది వందల పేజీలు దాటిన నవల. సినిమాగా తీయాలంటే దేశం అమ్మాలి, కాగితం మీదయితే యుద్ధానికి కూడా సిరా ఖర్చే. ఆ తర్వాత కూడా నవలలు వస్తూనే ఉన్నాయి. కథలు పత్రికలకి పంపి తిరిగొస్తే మళ్లీ పంపిన కుర్రాడు డెబ్బై దాటాక కూడా అదే పనిలో ఉన్నాడు.

మీ ఆయనలో ఆ గుణం ఉందో లేదో నేను ఇక్కడి నుంచి చెప్పలేను, 85 వేలు చెప్పలేవు, లోగో అసలే చెప్పలేదు. పెళ్లికి ముందు తీసిన ఆ రెండు షార్ట్ ఫిల్ముల తర్వాత ఈ ఇన్నేళ్లలో ఏమైనా రాశాడా, గ్రీన్ కార్డు రాకముందు ఏ అర్ధరాత్రయినా లేచి రాసుకోవడం మీరు చూశారా? రాస్తే ఆ కాగితాలు ఎక్కడో ఉంటాయి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కంగారు పెట్టింది 70 వేల మాట కాదు, "కథేంటో నాకింకా చెప్పలేదు" అన్న మాట. ఈ శనివారం పాపని స్నేహితుల ఇంట్లో దింపి, స్క్రిప్టు మొత్తం ఆయన చేతే మీకు చదివించుకోండి, మొదటి పేజీ నుంచి చివరిదాకా, ఫోన్లు పక్కన పెట్టి. రెండు గంటలు పడుతుంది. పూర్తి స్క్రిప్టు లేదంటే అదీ తేలిపోతుంది. విన్నాక మీకేమనిపించిందో నాకు రాయండి.